పొసగని ఇంటి సాక్ష్యం

“వాళ్లొచ్చి పక్కింటామెను అడిగితే మన కొంప మునిగినట్లే కదయ్యా” అన్నాను.

అప్పటికి ఎవరూ రాలేదు. వస్తామని చెప్పిన వాళ్లు కూడా లేరు. మా ఆయన యల్లయ్య సంగటి ముద్దను పప్పులో ముంచుతున్నాడు. ముద్ద మింగి, మూతి తుడుచుకుని, “ఎవురు?” అన్నాడు.

“పిల్లనిచ్చేటోళ్లు.”

“యా పిల్లను?”

“ఎవురో ఒక పిల్లను. ఎప్పుడో ఒగనాడు ఇస్తారు కదా. ఇచ్చే ముందు మనోని గురించి విచారిస్తారు కదా. విచారించేది పక్కింట్లోనే కదా. పక్కింట్లో ఉండేది ఖమర్‌బీ కదా.”

“ముందు పిల్లనిచ్చేటోళ్లను రానీ. పక్కిల్లు యాడికీ పోదులే” అని ఆయన రెండో ముద్ద అందుకున్నాడు.

ఆయన తీరే అంత. గొర్రెలు కాసిన వంశం. తోడేలు మందలో పడ్డాక లేచి కట్టె వెతుక్కుంటాడు. నేనట్లా కాదు. తోడేలు పుట్టక ముందే కట్టె పట్టుకుని నిలబడతాను. నా కట్టెకు భయపడి తోడేలు పుట్టడమే మానుకుందని నా నమ్మకం. ఇన్నేళ్లూ మా ఇల్లు నిలబడింది నా భయం మీదనే అంటే మా ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు.

మా కొడుకు హరినాథ్‌కు ప్రొద్దుటూరులో మోటార్లు చుట్టే అంగడి ఉంది. కాలిపోయిన బోరు మోటారు తెచ్చిస్తే, మాడిన తీగ పీకి కొత్త తీగ చుట్టి పంపిస్తాడు. వాని కోసమే ఊళ్లో మంద అమ్ముకుని, జమ్మలమడుగు దారిలో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. మందకు గుర్తుగా ఒక్క మేకను మాత్రం ఉంచుకున్నాం. దాని పేరు సుందరి.

హరి మంచివాడు. మాటలు తక్కువ. కరెంటు మాదిరి మాటకు కూడా మీటరు తిరుగుతుందని అనుకుంటాడేమో, ఊ అంటే చాలిన చోట ఆ ఊ కూడా అనడు. ముప్పై దాటాడు. ఒకరు సాఫ్టువేరు కావాలన్నారు. ఒకరు గవర్నమెంటు కావాలన్నారు. ముద్దనూరు పక్క ఒకాయన, “పిలగాడు మోటార్లు చుడతాడా? మాదొకటి కాలిపోయింది, చూడమనండి” అని మావాణ్ణి పిలిపించుకుని, మోటారు నీళ్లు పోయడం మొదలుపెట్టాక సంబంధం వద్దన్నాడు.

ఇక ఖమర్‌బీ సంగతి. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. భర్త హుమాయున్ కువైట్‌లో బండి నడుపుతాడు. కూతురు నాజియాను పులివెందులలో అరటికాయల వ్యాపారస్తుల ఇంటికి ఇచ్చారు. మేము ఇల్లు కట్టుకున్న కొత్తలో రెండిళ్ల మధ్య కూరగిన్నెలు కూడా తిరిగేవి. ఆ తర్వాత హుమాయున్ కువైట్ నుంచి ఒక చమ్కీల దుపట్టా పంపాడు. ఆమె దాన్ని గోడ మీద ఎండకు వేసింది. మా సుందరి తినేసింది.

అంతా తిన్లేదు. సగమే.

ఆమె మిగిలిన సగం పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. నేను కడుపుబ్బిన మేకను ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పోతూ ఆమెకు ఎదురొచ్చాను. “నీ మేక నా దుపట్టా తినింది” అని ఆమె. “నీ దుపట్టా నా మేకను చంపుతాంది” అని నేను. ఎవరి నష్టం ఎక్కువో తేలలేదు. మాటలు ఆగిపోయాయి.

మాటలు ఆగాయన్నానే గానీ మాట్లాడకుండా ఏమీ లేము. నేను నా మేకకు చెప్పేదాన్ని, ఆమె తన మిషనుకు చెప్పేది.

“ఏమే సుందరీ, కొందరికి దుపట్టాలు ఉండాయి గానీ యాడ ఆరేసుకోవాల్నో తెలీదే” అని గోడకు ఇవతల నేను.

“ఏం మిషనమ్మా నువ్వు, పొద్దన లేచినకాడ్నించి గడగడగడ. నీకూ పక్కిండ్ల గాలి తగిలినట్లుండాదే” అని గోడకు అవతల ఆమె.

రెండేళ్లుగా ఇదీ వరస. ఇట్లా ఉండగా పెండ్లిళ్ల పుల్లయ్య మా గడప తొక్కాడు. ఈయన్ను అందరూ నిమిషం పుల్లయ్య అంటారు. ఏది అడిగినా “ఒక్క నిమిషం” అంటాడు. ఆయన నిమిషంలో జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయి, కోటంతా చూసి, తిరిగి రావచ్చు.

“అమ్మా, సంబంధం ఉండాది. పులివెందుల. చీనీ తోట. పాప పేరు నందిని, నర్సు కోర్సు చేసి ఆసుపత్రిలో పన్జేస్తాంది. బోర్లు ఉండేటోళ్లు, మోటార్ల పిలగాడంటే ఇష్టపడినారు. ఆ పాప అవ్వ ఓబులమ్మది పెద్ద తలకాయ. ఆమె ఊ అంటే అయినట్లే. అయితే ఆమె చెప్పాపెట్టకుండా వచ్చి, మీ పక్కింట్లో విచారిస్తాది. ఇంకో ముఖ్యమైన సంగతి ఏందంటే, ఒక్క నిమిషం…” అని మోగుతున్న ఫోను చెవిన పెట్టుకుని వీధిలోకి వెళ్లాడు. మళ్లీ కనబడలేదు.

నేను మా ఆయన వైపు చూశాను.

“తోడేలు పుట్టింది” అన్నాడు ఆయన ఒప్పుకుంటూ.

చెప్పాపెట్టకుండా వచ్చే మనిషి ఏ వేషంలో వస్తుందో ఎవరికి తెలుసు. ఆ రోజు నుంచి మా వీధిలోకి వచ్చిన ప్రతి మనిషినీ నేను ఓబులమ్మ మనిషి కిందే లెక్క వేశాను. ఖమర్‌బీ గడప తొక్కక ముందే ఆపి మా అరుగు మీద కూర్చోబెట్టాలని పట్టుబట్టాను. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెకు కాఫీ ఇచ్చి, మా హరి చిన్నప్పుడు ఎంత బుద్ధిగా ఉండేవాడో చెప్పాను. ఉప్పు బండి ఆయనకు మజ్జిగ ఇచ్చి, మావాడు బీడీ కూడా ముట్టడని చెప్పాను. గ్యాసు పొయ్యిలు బాగుచేసే అతనికి వేడివేడిగా ఉగ్గాని, బజ్జీ పెట్టాను. అతను ముద్ద ముద్దకూ తలూపుతూ అన్నీ విన్నాడు.

మర్నాడు అతను ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొచ్చాడు.

“ఇట్లయితే మనం హోటలు పెట్టుకుందాం సంజీవమ్మా” అన్నాడు మా ఆయన. “మనోని పెండ్లి అయినా కాకపోయినా, కాలనీ అంతా బతుకుతాది. దీనికంటే నాలుగు అడుగులేసి పక్కింటికి పోయి మాట్లాడరాదా?”

“ఆమె గడప నేను తొక్కేదా?”

“కొడుకు పెండ్లి ఎక్కువా, మేక పౌరుషం ఎక్కువా?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఆ పగలంతా పట్టింది. సాయంత్రం రవిక గుడ్డ ఒకటి చంకలో పెట్టుకుని బయలుదేరాను. ఆమె తలుపు మూస్తే తిరిగి రాకూడదని, గడప మీదే కూర్చోవాలని గట్టిగా అనుకుని వెళ్లాను.

తలుపు తీసిన ఖమర్‌బీ చేతిలో కత్తెర ఉంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. బట్టలు కుట్టే మనిషి చేతిలో కత్తెర కాక పూలదండ ఉంటుందా అని మా ఆయన తర్వాత అన్నాడు గానీ, ఆ నిమిషంలో ఎదురుగా ఉన్నది ఆయన కాదు, నేను.

“రవిక కుట్టాల” అన్నాను.

“ఎవురికి? మేకకా?”

“నాకే.”

“బస్టాండు కాడ కుట్టేటోళ్లు లేరా?”

“వాళ్లు చేతులు బిగుతు పెడతారు.”

ఆమె కాసేపు నా మొహం చూసి పక్కకు జరిగింది. నేను లోపలికి వెళ్లి చేతులు చాచి నిలబడ్డాను.

“కొలతలు తీసుకోవా?”

“ఏం అక్కర్లే. గోడ మీంద నుంచి రోజూ చూస్తానే ఉండా. నువ్వేమీ సన్నం కాలే” అని గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది. “ఇంగ చెప్పు. రవిక కోసరం ఈ గడప తొక్కే మనిషివి కాదు నువ్వు.”

ఏడవకూడదని వెళ్లాను. ఏడ్చాను. పులివెందుల, చీనీ తోట, ఓబులమ్మ, పొయ్యిల అతను, అన్నీ చెప్పేశాను. ఈ సంబంధం తప్పిపోతే నా బిడ్డ ఆ మోటార్ల మధ్యనే ముసలివాడవుతాడని, మేము పోయాక వానికి అన్నం పెట్టే దిక్కుండదని, వాడు అడగడు కాబట్టి ఎవరూ పెట్టరని చెప్పాను.

ఆమె మంచినీళ్లు ఇచ్చింది. “నన్నడిగితే ఏం జెప్తాననుకున్న్యావు?”

“దుపట్టా సంగతి చెప్తావనుకున్న్యా.”

“మేక తినిన దుపట్టాకు పిలగాడేం జేస్తాడక్కా?”

అక్కా అన్న మాట విని రెండేళ్లయింది. మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి ఆమె నీళ్లు కాకుండా టీ పెట్టింది.

రవిక సాకుతో మర్నాడు వెళ్లాను. చేతులు వదులు చేయాలని ఆ మర్నాడు వెళ్లాను. ఆమె మా ఇంటికి వచ్చి పప్పు తిని, గోంగూర కోసం మళ్లీ వచ్చింది. రెండిళ్ల మధ్య పెరటి గోడకు ఎప్పుడో వేసిన తలుపు గడియ తుప్పుపట్టి ఉంటే, మా ఆయన రాయితో కొట్టి తీశాడు. సుందరి నాకంటే ముందే అలవాటు పడింది. పొద్దున్నే వెళ్లి ఆమె మిషను కింద పడుకుని, కత్తిరింపు ముక్కలు నములుతూ ఉండేది. ఇప్పుడు వాటిని ఆమే ఏరి పెడుతోంది, చమ్కీలు లేనివి చూసి.

అప్పుడు నాకొక సంగతి తెలిసింది. ఖమర్‌బీ కూడా నా మాదిరి మనిషే. హుమాయున్ ఫోను కాస్త ఆలస్యమైతే ఆమెకు కువైట్ అంతా తగలబడినట్లే ఉంటుంది. ఇద్దరం కలిసి భయపడితే భయం సగమవుతుందని అనుకున్నాను. రెండింతలైంది. కానీ అందులో ఏదో సుఖం ఉంది. ఇంట్లో నా భయానికి విలువ లేదు. ఆమె దగ్గర నేనొకటి చెప్తే, దానికంటే పెద్దది ఆమె చెప్పేది.

అంతా బాగుందనుకున్నాను. అప్పుడే నిమిషం పుల్లయ్య నిమిషం పూర్తయి ఫోను చేశాడు.

“అమ్మా, ఆ పొద్దు చెప్తాండానే, ముఖ్యమైన సంగతి. ఓబులమ్మ పెద్ద మనవరాలిని ఇచ్చేటప్పుడు వీధంతా పిలగాణ్ణి పొగిడినారంట. తీరా చూస్తే వాడు తాగుబోతు. అప్పట్నించి ఆమె పొసగని ఇంటినే విచారిస్తాది. పొగిడే నోటికి పని లేదు, పగోళ్లు కూడా వంక పెట్టలేనోడే మంచోడు అంటాది. మీకు పక్కింటితో పొసగదని, మేక దుపట్టా తినిన సంగతితో సహా నేనే చెప్పినా. దానికే ఆమె ఒప్పుకునింది. లేకుంటే ఈ సంబంధమే లేదు. రేపే వస్తాంది. పగ గట్టిగా ఉండాది కదమ్మా?”

నా చేతిలో ఖమర్‌బీ పంపిన సేమియా గిన్నె ఉంది.

“ఉండాది” అన్నాను.

మా ఆయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లాడు. నేను వెనకాలే వెళ్లి, “నువ్వే కదయ్యా పోయి మాట్లాడమన్న్యావు” అన్నాను.

“మాట్లాడమన్న్యా. మందలో కలిసిపోమన్న్యానా?”

వెంటనే పెరటి తలుపు తీసుకుని వెళ్లి ఖమర్‌బీకి చెప్పాను. “ఇప్పుడెట్ల?” అంది.

“మళ్లీ పగోళ్లం కావాల.”

“శానా సులభం కదా” అన్నాడు వెంట వచ్చిన మా ఆయన. “రెండేండ్లు ఒక్క రిహార్సలు ల్యాకుండా ఎంత బాగా చేసినారు.”

ఈసారి రిహార్సలు కావలసి వచ్చింది. మా ఆయన తువ్వాలు నెత్తిన కప్పుకుని ఓబులమ్మ అయ్యాడు. “ఏమ్మా, పక్కింటి పిలగాడు ఎట్లాంటోడు?” అని గొంతు వణికిస్తూ అడిగాడు.

“మంచోడవ్వా” అంది ఖమర్‌బీ.

“అట్లంటే కుదరదు. ఏదో ఒక వంక చెప్పు.”

“వానికంటే మంచోడు ఈ కాలనీలో లేడవ్వా.”

“అమ్మా, ఇన్నాళ్లు గోడ మీంద నుంచి ఎన్ని తిట్టినావు. అందులోనివి నాలుగు ఈ పక్కకు తీసుకురా.”

“అవన్నీ అక్కను తిట్టినవి అన్నా. పిలగాణ్ణి యాడ తిట్టినా?”

వానికి చిన్నచిన్న వంకలు వెతికాం. పొద్దుపోయి తింటాడని చెప్తానంది. తాగొచ్చి తింటాడనుకుంటారని నేను వద్దన్నాను. మాట తక్కువని చెప్తానంది. మూగవాడనుకుంటారన్నాను. చొక్కా నిండా గ్రీజేనని చెప్తానంది. గ్రీజుతో మొదలుపెట్టి చర్మరోగం దాకా పోతారన్నాను.

“అయితే తల్లి సరిలేదని చెప్పనా?” అని విసుక్కుంది ఖమర్‌బీ.

నేను ఆలోచించాను. కొడుకు మీద మచ్చ పడకూడదు. పగ కనిపించాలి. “అదే సరి. నన్నేమన్నా అను. ఎంతన్నా అను. పిల్లను నాకేమన్నా ఇస్తాండారా” అన్నాను.

“బాధ పడవు కదా?”

“నా బిడ్డ కోసరం పడిన బాధ కంటేనా.”

మా ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, “ఇది మంచికి పోయే యవ్వారం కాదు” అన్నాడు. ఏ చెడునూ ముందుగా చూడని మనిషి, ఆ ఒక్కసారి చూశాడు. నేనే వినలేదు.

మర్నాడు పదకొండు గంటల పులివెందుల బస్సులో ఓబులమ్మ దిగింది. పుల్లయ్య ఆమెను వీధి మలుపులో వదిలి పక్కకు తప్పుకున్నాడు. పొట్టి మనిషి. చంకలో చీనీకాయల సంచి. నేరుగా ఖమర్‌బీ ఇంటికి వెళ్లింది. నేనూ మా ఆయనా గోడకు ఇవతల చెరొక బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాం. సుందరిని కట్టేశాను. హరి అంగడిలో ఉన్నాడు.

“పక్కింటోళ్లు ఎట్లాంటోళ్లమ్మా?” అని ఓబులమ్మ గొంతు.

“వాళ్ల పేరెత్తొద్దవ్వా నా దగ్గర” అంది ఖమర్‌బీ. బాగా చెప్పింది. మా ఆయన వైపు గర్వంగా చూశాను.

“పిలగాడు?”

“పిలగాడితో నాకేం పని. ఆ తల్లి ఉందే, ఆ తల్లి…” అని కాసేపు ఆగింది. వెతుక్కుంటోందని తెలిసింది. తర్వాత దొరికినట్లుంది. దొరికాక ఇక ఆగలేదు.

“పిలగాడు అంగడికి పోతాంటే ఫోను. అంగడి చేరినాక ఫోను. ఎర్రగుంట్ల దిక్కు పోయినాడంటే, సిమెంటు లారీలు ఎన్ని ఎదురొచ్చినాయో వానితో లెక్క చెప్పించుకుంటాది. చిన్నప్పుడు పిలగాణ్ణి పెన్నలో దిగనియ్యలేదంట. అప్పుడు పెన్నలో నీళ్లే లేవవ్వా.”

“నీళ్లు ల్యాకుండా ఎందుకు?”

“వస్తే?”

మా ఆయన బకెట్టు కదిలింది. నవ్వుతున్నాడు. నేను పళ్లు కొరుక్కున్నాను. నేనే అనమన్నాను కదా.

“కోడలు వచ్చి తుమ్మితే ఆసుపత్రికి తీసకపోతాది. దగ్గితే ఇంట్లో దీపం పెట్టి కూకుంటాది. మనిషి బతికుండంగనే ఏడ్చి పెట్టుకుంటాది, రేపు తీరిక దొరుకుతాదో లేదో అని.”

పోనీ అనుకున్నాను. నా బిడ్డ పెండ్లి అనుకున్నాను. గోడ గట్టిగా పట్టుకున్నాను.

“ఇంగ వంటంటావా, ఉప్పెక్కువైతాదేమోనని భయపడి అసలు ఉప్పే ఎయ్యదు.”

నేను లేచి నిలబడ్డాను. మా ఆయన కొంగు పట్టి లాగాడు. కొంగు ఆయన చేతిలోనే ఉంది, నేను గోడ మీదికి వంగాను.

“ఉప్పు లేదా? ఉప్పు ల్యాకుండానే మొన్న పప్పు రెండుసార్లు పెట్టించుకున్న్యావా? ఉప్పు ల్యాకుండానే గోంగూరకు మళ్లీ వచ్చినావా?”

“తినినా కాబట్టే చెప్తాండా” అంది ఖమర్‌బీ కిటికీలో నుంచి. అది రిహార్సలులో లేని మాట.

“నీ సేమియాలో చక్కెర తక్కువైనా నేనేమన్నా అన్న్యానా?”

“ఇప్పుడంటాండావు కదా.”

ఈ గొడవకు బెదిరిందో, రోజూ పోయే వేళ అయిందనుకుందో, సుందరి పలుపు తెంచుకుంది. పెరటి తలుపు కొమ్ములతో నెట్టుకుని, నేరుగా ఖమర్‌బీ ఇంట్లోకి వెళ్లి, మిషను కింద తన చోట్లో పడుకుంది. ఖమర్‌బీ మాట మధ్యలోనే వంగి దానికొక గుడ్డముక్క అందించింది.

ఓబులమ్మ వంగి మిషను కిందికి చూసింది.

“ఇదేనా మీ దుపట్టా తినిన మేక?” అంది ఓబులమ్మ.

“ఇది… వేరే మేకవ్వా” అంది ఖమర్‌బీ.

“మీకు పొసగదని పుల్లయ్య చెప్పినాడే.”

“పొసగదవ్వా” అన్నాను నేను గోడ మీది నుంచి. “అస్సలు పొసగదు. మాట్లాడుకుని రెండేండ్లయింది.”

ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసి, ఖమర్‌బీ మిషను మీదున్న గుడ్డను చూసింది. నా ఒంటి మీది కొత్త రవిక, ఆ మిషను మీది మిగిలిన ముక్క ఒకే గుడ్డ.

“ఇట్లా రామ్మా” అంది. “గోడ మీంద పడి ఎముకలు ఇరగ్గొట్టుకుంటావు.”

నేను పెరటి తలుపు గుండా వెళ్లాను. మా ఆయన నా వెనకాల దాక్కుంటూ వచ్చాడు. కేకలు విని ఎవరు చెప్పారో, హరి కూడా గ్రీజు చేతులతోనే బండి దిగి లోపలికి వచ్చి, గోడ వారగా నిలబడ్డాడు.

“పులివెందుల్లో కూకుని నేనూ శానా అబద్ధాలు విన్న్యా” అంది ఓబులమ్మ. “మంచి చెప్పేదానికి అబద్ధమాడినోళ్లను చూసినా. పగ ఉండాదని అబద్ధమాడినోళ్లను మిమ్మల్నే చూస్తాండా.”

నాకు భూమిలోకి పోయినట్లయింది. అయిపోయింది. చీనీ తోట పోయింది, పిల్ల పోయింది. అబద్ధాలకోరు తల్లి అని పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా పేరు పోతుంది. ఇక ఈ జిల్లాలో మావానికి పిల్లనిచ్చేవాళ్లు ఉండరు.

“అవ్వా, ఇప్పుడు నిజం చెప్తా, వింటావా?” అంది ఖమర్‌బీ. ఓబులమ్మ తలూపింది.

“మేము నిజంగా పగోళ్లుగా ఉన్నప్పుడు, ఎండాకాలంలో నా బోరు మోటారు కాలిపోయింది. మా ఆయన కువైట్‌లో. ఒక్కదాన్నే. ఎవురిని పిలిచినా రేపూ మాపూ అన్న్యారు. ఈ పిలగాడు నా వాకిట్లో ఖాళీ బిందెలు వరసగా పెట్టిండేది చూసినాడు. నేను పిలవలే. వాడే వచ్చి మోటారు ఎత్తుకుని పోయి, చుట్టి తెచ్చి బిగించి పోయినాడు. ‘అమ్మకు చెప్పొద్దత్తా’ అన్న్యాడు. అంతే. ఇంతవరకు నేను చెప్పలే.”

నాకు ఆ రోజు గుర్తుంది. గోడ అవతల నీళ్ల చప్పుడు విని, చెడ్డవాళ్ల బోర్లలోనే దేవుడు నీళ్లిస్తాడని సుందరితో చెప్పాను. హరి అప్పుడు పక్కనే కూర్చుని సంగటి తింటున్నాడు. తల ఎత్తలేదు.

నేను వాని వైపు చూశాను. ఇప్పుడూ తల ఎత్తలేదు.

ఓబులమ్మ మొహం మెత్తబడింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ ఆమె సంచి నేల మీద పెట్టి, నా వైపు తిరిగింది.

“పిలగాడు మంచోడే. అది తెలిసిపోయింది. నా భయం వేరే ఇప్పుడు. మంచి పని చేసేదానికే తల్లికి భయపడి దాచినాడు. రేపు నా నందిని వస్తాది. నీకూ దానికీ ఒక మాట వస్తాది. రాకుండా ఉండదు, వచ్చేది న్యాయమే. ఆ పొద్దు ఈడ దాని పక్క నిలబడేది ఎవురు?”

నేనుంటానని నోరు తెరిచాను. ఆ పిల్ల నాతో మాట పడి ఏడుస్తుంటే, ఆ పిల్ల పక్క నేనెట్లా నిలబడతాను. నోరు మూశాను. ఎన్ని ఆపదలు ముందుగా ఊహించి పెట్టుకున్నానో, ఈ ఒక్కటి ఊహించలేదు. లారీలు చూశాను, పెన్న చూశాను, తోడేళ్లను చూశాను. నా ఇంటికి వచ్చే పిల్లకు నేనే భయమవుతానని చూసుకోలేదు.

మా ఆయన మేకను చూస్తున్నాడు. హరి తన చేతుల గ్రీజును తుడవకుండా చూస్తున్నాడు. ఓబులమ్మ ఎవరినీ తొందరపెట్టలేదు. జమ్మలమడుగు దారిలో ఒక లారీ వెళ్లింది, దాని వెనకాల ఇంకొకటి వెళ్లింది. ఖమర్‌బీ ముసలామెకు పెట్టిన టీ మీద మీగడ కట్టింది. ఎవరూ తీసి తాగలేదు. ఆమె మెల్లగా వంగి, సంచి చెవులు చేతిలోకి తీసుకుంది.

ఖమర్‌బీ మిషను మీది రవిక ముక్క తీసుకుని, వేలాడే దారం కొరికి, దాన్ని మడిచి మళ్లీ మిషను మీద పెట్టింది.

“నేనుంటానవ్వా” అంది. “ఆ తలుపు తీస్తే వాళ్ల పెరడు. ఆ పిల్ల తట్టాల్సిన పని కూడా లేదు, గట్టిగా ఒక్క మాటంటే నాకు ఇనబడతాది. ఈమెతో కొట్లాడి గెలిచేది ఎట్లనో ఈ కాలనీలో నాకొక్కదానికే తెలుసు. ఆ పిల్లకు నేర్పిస్తా.”